టెన్నిసు మోచేయి: పేరు, నొప్పి, చికిత్సల చరిత్ర

రాయచూరు కోటలో పడమటి వైపున లోపలి గోడయందు 40 అడుగులకు మించిన పొడవు గల శిలాఫలకమొకటి కలదు. క్రీ.శ. 1294లో కాకతీయుల కాలమున గోరె గన్నయరెడ్డి యాజ్ఞచే విఠ్ఠలనాథుడు ఈ కోటను కట్టించెనని దానిపైనున్న శాసనము చెప్పుచున్నది. ఆ మహాశిలను బండిపై నెక్కించి పశువులచే లాగించి తెచ్చిన దృశ్యము కూడ అచ్చట రాతిపై చెక్కబడియున్నది. ఆజ్ఞాపించిన వాని పేరు నిలిచినది, సంవత్సరము నిలిచినది. సుత్తి పట్టినవాని మోచేతి నొప్పి మాత్రము శాసనమున కెక్కలేదు. శ్రమవలన గలుగు నొప్పులు చరిత్రలో నిట్లే పేరులేనివై పోవుచుండును. అట్టివానిలో నొకదానికి పందొమ్మిదవ శతాబ్దమున పేరు లభించినది. కాని ఆ పేరు పాటుపడువానినుండి గాక ఆడుకొనువానినుండి వచ్చినది. అదియే 'టెన్నిసు మోచేయి'. ఈ నొప్పిని ఏ కాలమువారు ఏమని తలచిరి, ఆ తలపును బట్టి ఏ చికిత్స చేసిరి, ఆ చికిత్సలలో పరీక్షకు నిలిచిన దెయ్యది అనునవి ఈ వ్యాసమున విచారింపబడును.

నొప్పి స్వరూపము

మోచేతికి వెలుపలి ప్రక్కను వ్రేలితో తడవినచో ఎముక బొడిపె యొకటి తగులును. మణికట్టును పైకెత్తు కండరములు ముంజేతి వెంబడి వచ్చి యిచ్చట స్నాయువు రూపమున అతుకుకొనును. పిడికిలి గట్టిగా బిగించునపుడెల్ల మణికట్టు ముందునకు వంగకుండ నిలుపునవి యీ కండరములే. కావున బరువు నెత్తుటయే కాదు, దేనిని పట్టుకొన్నను ఈ స్నాయువుపై భారము పడును. ఆ భారము నెలల తరబడి మితిమీరినచో బొడిపెయొద్ద నొప్పి పుట్టును. అరచేయి క్రిందికుంచి చెంబెత్తినను, తడిగుడ్డ పిండినను, తలుపు గడియ త్రిప్పినను నొప్పి పొడుచును. ఇది ముఖ్యముగా 35 మొదలు 55 ఏండ్ల నడుమ వయస్సున, అనగా సంసారభారము మోయు వయస్సున వచ్చుచుండుట గమనింపదగినది.

ప్రాచీనుల తలపు

సుశ్రుతసంహిత మోచేతిని 'కూర్పర' మర్మముగా లెక్కించి, అది దెబ్బతిన్నచో చేయి చచ్చుబడునని హెచ్చరించినది. చేతి స్నాయువుల యందు వాతము చేరి బాహువును పనికిరాకుండ చేయు 'విశ్వాచి' యను రోగమును కూడ పేర్కొన్నది. ఈ రెండును నేటి టెన్నిసు మోచేయియే యని చెప్పుటకు వీలులేదు. అయినను స్నాయువు నొప్పి కొక ప్రత్యేక స్థానము నిచ్చుట ఆ గ్రంథకర్త సూక్ష్మదృష్టికి నిదర్శనము. సూత్రస్థానము 12వ అధ్యాయమున చెప్పబడిన అగ్నికర్మ, అనగా కాల్చిన శలాకతో చురుకు పెట్టుట, స్నాయువులందలి తీవ్రమైన నొప్పికి విధింపబడినది. తెలుగు పల్లెలలో వాతపు నొప్పికి వాతలు పెట్టు ఆచారము దీనికి దూరపు చుట్టమని తోచును. నువ్వులనూనె మర్దన, వావిలాకు కాపడము మొదలగునవి అంతకంటె మృదువైన ఉపాయములు. కాపడము తాత్కాలికముగా హాయి గూర్చును. వాత వలన చర్మము పుండై చెడు ప్రమాదము కలదు.

పేరు పుట్టుక

ఆధునిక వైద్యమున నీ నొప్పిని మొదట వర్ణించినవాడు రుంగె యను జర్మను వైద్యుడు. 1873లో ఆతడు దీనిని కలము పట్టి వ్రాయువారి బాధగా పేర్కొనెను. అప్పటికి లాను టెన్నిసు ఆటయే స్థిరపడలేదు. వింగ్‌ఫీల్డు దానికి ఇంగ్లండులో హక్కుపత్రము పొందినది 1874లో, వింబుల్డను పోటీలు మొదలైనది 1877లో. ఆట వ్యాపించిన పిమ్మట 1882లో హెన్రీ మోరిసు 'లాన్సెట్' పత్రికలో ఆటగాండ్ర చేతినొప్పిని ప్రస్తావించెను. మరుసటి యేడు మేజరు అను వైద్యుడు బ్రిటిషు వైద్యపత్రికలో 'లాను టెన్నిసు మోచేయి' యని వ్రాసెను. అనగా పదియేండ్లలో ఒకే నొప్పి కలమునుండి బ్యాటునకు మారినది. లేఖకుని పేరు నిలువలేదు. ఆటగాని పేరు నిలిచినది.

పేరు చేసిన కీడు కొంత కలదు. ఈ నొప్పితో వచ్చువారిలో టెన్నిసు ఆడువారు కొలదిమందియే. రాయచూరు జిల్లాలో చూచినచో హట్టి బంగారు గనిలో యంత్రము పట్టువాడు, తుంగభద్ర యెడమ కాలువ క్రింద పార పట్టు రైతు, రంపము లాగు వడ్రంగి, గోడకు తాపీ వేయు మేస్త్రి, బట్టలు పిండు ఇల్లాలు, చేయెత్తి నల్లబల్లపై వ్రాయు ఉపాధ్యాయుడు, వీరందరు ఆ స్నాయువునే అరగదీయుచున్నారు. 'టెన్నిసు' అను మాట వినినంతనే ఇది తమది కాదని వీరు తలచుటయు, పనికిని నొప్పికిని గల సంబంధము మరుగుపడుటయు సహజము.

లాగుట, కోయుట, సూది వేయుట

ఇరువదవ శతాబ్దమున చికిత్సలు వేగముగా పెరిగినవి. 1928లో మిల్సు అను ఆంగ్ల వైద్యుడు మణికట్టును వంచి, ముంజేతిని లోపలికి త్రిప్పి, మోచేతిని ఒక్కసారిగా చాచు పద్ధతిని ప్రచారము చేసెను. 1933లో జర్మనీలో హోమన్ స్నాయువును దాని మొదలునొద్ద కోసి సడలించు శస్త్రచికిత్సను వర్ణించెను. 1936లో సిరియాక్సు రోగకారణములను సమీక్షించి, లోతైన మర్దనకు ప్రాధాన్యము తెచ్చెను.

1950లో కెండలు, హెంచి, రైక్‌స్టైను అను మువ్వురికి కార్టిసోను సంబంధమైన పరిశోధనకు నోబెలు బహుమానము లభించినది. ఆ జాతి మందును నొప్పియున్న చోటనే సూదితో ఎక్కించుట త్వరలో వాడుక యయ్యెను. కీళ్లవాపులందు అది చూపిన ప్రభావమును బట్టి, ఇదియు వాపే యని తలచి, మోచేతికిని అదియే వేసిరి. నొప్పి కొలది దినములలో మాయమగుటచే వైద్యుడును రోగియు సంతుష్టులైరి.

కాని ఆ తలపే సరికాదని క్రమముగా తేలినది. 1964లో గోల్డీ ఆ స్నాయువు కణజాలమును పరీక్షించి అసాధారణమైన పెరుగుదలను వర్ణించెను. 1979లో అమెరికా శస్త్రవైద్యులు నిర్షల్, పెట్రోన్ తమ యనుభవమును ప్రకటించిరి. వారు చూచిన 1213 కేసులలో శస్త్రచికిత్స చేయబడినవి 88 మోచేతులు మాత్రమే. దీర్ఘకాలపు రోగమున కనబడునది ముఖ్యముగా వాపు కాదు, స్నాయువు జీర్ణించి, మానుటకు చేసిన ప్రయత్నము సగములో నిలిచిపోయిన స్థితి యని నిర్షల్ ప్రతిపాదించెను. వాపు నణచు మందు జీర్ణవస్త్రమునకు కుట్టు వేయజాలదు గదా!

పరీక్షకు నిలిచినది

2002లో నెదర్లాండ్సులో 185 మంది రోగులను మూడు వర్గములుగా విభజించి పరీక్షించిరి. ఒక వర్గమునకు సూది, ఒక వర్గమునకు వ్యాయామ చికిత్స, మూడవ వర్గమునకు సలహా యిచ్చి వేచియుండుట. ఆరు వారములకు సూది వేయించుకొన్నవారిలో 92 శాతము, వ్యాయామ చికిత్సలో 47 శాతము, వేచియున్నవారిలో 32 శాతము బాగుపడిరి. ఇచ్చట నిలిచిపోయినచో సూదియే గెలిచినది. కాని ఏడాది గడచునప్పటికి ఆ యంకెలు వరుసగా 69, 91, 83 శాతములైనవి. ఏమియు చేయక వేచియున్నవారు సైతము సూది వేయించుకొన్నవారిని మించిరి. 2006లో ఆస్ట్రేలియాలో 198 మందిపై జరిగిన పరీక్షయు దీనిని బలపరచినది. సూదితో మొదట బాగుపడినవారిలో 72 శాతమునకు నొప్పి తిరుగబెట్టినది.

రోగి రక్తమునుండి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవమును సూదితో వేయు నూతన పద్ధతికి గూడ పెద్ద ప్రయోజనము కనబడలేదని 2021లో కోక్రేను సమీక్ష నిర్ణయించినది. శస్త్రచికిత్స కడపటి యుపాయము. సచిను టెండూల్కరు 2004లో నీ నొప్పికి లోనై, 2005 మే నెలలో లండనులో శస్త్రచికిత్స చేయించుకొని, అక్టోబరులో మరల క్రీడారంగమున ప్రవేశించెను. అట్టి చికిత్సయు, అన్ని నెలల విరామమును అందరికి అందునవి కావు.

రాయచూరు కూలివాని ప్రశ్న ఇచ్చటనే యున్నది. పని మానిన దినము కూలి రాదు. సూది వేయించుకొన్న మరునాడు నొప్పి తగ్గును, చేయి యథాప్రకారము పారను పట్టును. మానని స్నాయువుపై పూర్తి భారము పడును. త్వరగా నుపశమించు మందు, విశ్రాంతి లేనివానికే యెక్కువ ఆకర్షణీయము. ఎక్కువ నష్టకరమును వానికే.

అయితే వాని కందుబాటులోనున్న మార్గము ఖరీదైనది కాదు. ముంజేతిని బల్లపై నుంచి, అరచేయి క్రిందికి, మణికట్టు బల్ల యంచు దాటునట్లు పెట్టి, అర లీటరు నీటిసీసాను పట్టుకొనవలెను. రెండవ చేతి సాయముతో మణికట్టును పైకెత్తి, పిమ్మట మెల్లగా క్రిందికి దింపవలెను. ఓర్చుకొనదగిన నొప్పివరకే ఆగి, వారములు గడచిన కొలది బరువు పెంచవలెను. మోచేతికి కొంచెము దిగువను పట్టీ కట్టుకొనుట, బరువులను అరచేయి పైకుంచి ఎత్తుట, పనిముట్ల పిడికి గుడ్డ చుట్టి లావు చేయుట, ఒకే పనిని గంటల తరబడి చేయక మార్చుకొనుట భారమును తగ్గించును. వ్రేళ్లకు తిమ్మిరి, మెడనొప్పి, చేతిలో బలహీనత యున్నచో అది వేరు రోగము కావచ్చును; వైద్యుని చూడవలెను. మధుమేహము గలవారికి ఆ సూది రక్తములోని చక్కెరను పెంచునని గుర్తుంచుకొనవలెను.

ముగింపు

వాతమన్నవారు కాల్చిరి, వాపన్నవారు సూది వేసిరి, జీర్ణించినదన్నవారు మెల్లగా బలపరచిరి. పేరును బట్టి చికిత్స నడచుట ఈ చరిత్రలో స్పష్టము. కావున ఈ నొప్పిని తెలుగున 'పనివాని మోచేయి' యని పిలుచుట యుక్తము. రోగి తన పనినే రోగకారణముగా గుర్తించుటకును, పని యిచ్చువాడు పనిముట్టును, పని గంటలను సవరించుటకును ఆ పేరే మొదటి మెట్టు కాగలదు.