ప్రజా పద్దుల సంఘం

ప్రజా పద్దుల సంఘం భారత పార్లమెంటు ఆర్థిక సంఘాలలో అన్నిటికంటే పాతది. పార్లమెంటు మంజూరు చేసిన ధనాన్ని ప్రభుత్వ శాఖలు ఏ పనులకు, ఎంత మేరకు, ఏ నియమాలకు లోబడి వ్యయం చేశాయో పరిశీలించి ఉభయసభలకు నివేదించడం దీని ప్రధాన కర్తవ్యం. వార్తాపత్రికలలో ఇది పీఏసీ అనే సంక్షిప్త నామంతో ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులో లోక్‌సభ నుండి 15 మంది, రాజ్యసభ నుండి 7గురు, మొత్తం 22 మంది సభ్యులు ఉంటారు. ఒక వ్యయాన్ని ఆపివేసే అధికారం గాని, తప్పు చేసిన అధికారిని శిక్షించే అధికారం గాని ఈ సంఘానికి లేవు. అయినప్పటికీ ప్రతి శాఖ కార్యదర్శి తన శాఖ లెక్కలకు దీని ముందు సంజాయిషీ చెప్పుకోవలసి ఉంటుంది. రాష్ట్ర శాసనసభలలో కూడా ఇదే పేరుతో, ఇవే విధులతో సంఘాలు ఉన్నాయి.

నేపథ్యం

భారత రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ ఆదాయమంతా సంఘటిత నిధిలో జమ అవుతుంది. చట్టం అనుమతి లేనిదే ఆ నిధి నుండి ఒక్క రూపాయి కూడా తీయరాదు. ఏటా బడ్జెటు సమావేశాలలో ప్రతి మంత్రిత్వ శాఖ తన గ్రాంట్ల డిమాండ్లను లోక్‌సభ ముందుంచుతుంది. సభ వాటిని ఆమోదించిన పిదప 114వ అధికరణం ప్రకారం ద్రవ్య వినిమయ చట్టం చేయబడుతుంది. దీనితో శాఖకు వ్యయం చేసే అధికారం లభిస్తుంది.

అయితే అనుమతి ఇవ్వడం పనిలో సగం మాత్రమే. ఇచ్చిన సొమ్ము ఉద్దేశించిన పనికే చేరిందా లేదా అన్నది సంవత్సరం గడిచిన తరువాతనే తెలుస్తుంది. ఆ లెక్కలను తనిఖీ చేసే బాధ్యతను రాజ్యాంగం 148 నుండి 151 వరకు గల అధికరణాల ద్వారా కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌కు (కాగ్) అప్పగించింది. కేంద్రప్రభుత్వ లెక్కలపై కాగ్ ఇచ్చే నివేదికలను రాష్ట్రపతి పార్లమెంటు ఉభయసభల ముందు ఉంచుతారు. వందలాది పుటలు గల ఈ నివేదికలను నిండు సభలో క్షుణ్ణంగా చర్చించడం సాధ్యం కాదు. ఆ పనిని సభ తరఫున ప్రజా పద్దుల సంఘం నిర్వహిస్తుంది.

చరిత్ర

బ్రిటిషు పార్లమెంటులో 1861లో గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు ఇటువంటి సంఘం మొదట ఏర్పడింది. భారతదేశంలో మాంటేగు-చెమ్స్‌ఫర్డు సంస్కరణల ఫలితంగా 1921లో కేంద్ర శాసనసభకు అనుబంధంగా దీనిని నెలకొల్పారు. అప్పట్లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలోని ఆర్థిక సభ్యుడే దీనికి అధ్యక్షత వహించేవాడు. అంటే ఖర్చు చేసే ప్రభుత్వమే తన ఖర్చును విచారించే సంఘానికి నాయకత్వం వహించేది.

1950 జనవరిలో రాజ్యాంగం అమలులోకి రావడంతో ఈ పరిస్థితి మారింది. సంఘం స్పీకరు ఆధీనంలో పనిచేసే పార్లమెంటరీ సంఘమైంది. ఆర్థికమంత్రి అధ్యక్షత వహించే పద్ధతి రద్దయింది. 1954-55 నుండి రాజ్యసభ సభ్యులను కూడా చేర్చుకున్నారు. 1967లో స్వతంత్ర పార్టీ నాయకుడు మినూ మసానీని స్పీకరు అధ్యక్షుడుగా నియమించారు. ప్రతిపక్షానికి చెందిన వ్యక్తి అధ్యక్షుడు కావడం అదే మొదటిసారి. నాటి నుండి ప్రధాన ప్రతిపక్ష సభ్యునికి ఈ పదవి ఇవ్వడం సంప్రదాయంగా వస్తున్నది.

అటల్ బిహారీ వాజపేయి ఈ పదవిని రెండు పర్యాయాలు నిర్వహించారు. తెలుగువారిలో పి.వి.నరసింహారావు 1978-79లో, కర్నూలు లోక్‌సభ సభ్యుడు ఏరాసు అయ్యపురెడ్డి 1980ల మధ్యకాలంలో అధ్యక్షులుగా వ్యవహరించారు.

నిర్మాణం

సభ్యులను ఏటా నైష్పత్తిక ప్రాతినిధ్య పద్ధతిలో, ఏక ఓటు బదిలీ విధానం ద్వారా ఎన్నుకుంటారు. దీనివలన సభలో వివిధ పక్షాలకు ఉన్న బలం సంఘంలో కూడా దాదాపు అదే నిష్పత్తిలో ప్రతిబింబిస్తుంది. పదవీకాలం ఒక సంవత్సరం. మంత్రులు సభ్యులు కాజాలరు. సభ్యుడుగా ఉన్నవారు మంత్రి అయితే వారి సభ్యత్వం ముగుస్తుంది. అధ్యక్షుని లోక్‌సభకు చెందిన సభ్యుల నుండి స్పీకరు నియమిస్తారు.

ప్రతిపక్షానికి అధ్యక్ష పదవి ఇవ్వాలని రాజ్యాంగంలో గాని, సభా నియమాలలో గాని ఎక్కడా లేదు. 2014 ఎన్నికలలో 44 స్థానాలు మాత్రమే గెలుచుకున్న కాంగ్రెసుకు లోక్‌సభలో అధికారిక ప్రతిపక్ష హోదా లభించలేదు. అయినా అధ్యక్ష పదవి ఆ పార్టీకి చెందిన కె.వి.థామస్‌కే దక్కింది. తరువాత అదే పార్టీ నుండి మల్లికార్జున ఖర్గే, అధీర్ రంజన్ చౌధురి అధ్యక్షులయ్యారు. 2024లో కె.సి.వేణుగోపాల్ నియమితులయ్యారు.

విధులు

లోక్‌సభ నియమావళిలోని 308వ నియమం ఈ సంఘం విధులను నిర్దేశిస్తుంది. వాటిలో ముఖ్యమైనవి:

* వ్యయం చేసిన సొమ్ము ఆ పని కొరకు చట్టబద్ధంగా కేటాయించబడినదేనా అని చూడడం
* వ్యయం తగిన అధికారి అనుమతి మేరకే జరిగిందా అని చూడడం
* ఒక పద్దు నుండి మరొక పద్దుకు నిధుల మళ్ళింపు నియమానుసారంగా ఉందా అని చూడడం
* మంజూరును మించి వ్యయం జరిగితే దానికి దారితీసిన పరిస్థితులను విచారించడం

ఉదాహరణకు ఒక శాఖకు 100 కోట్ల రూపాయలు మంజూరు కాగా 110 కోట్లు ఖర్చు చేసిందనుకుందాం. ఆ అదనపు 10 కోట్లకు పార్లమెంటు అనుమతి లేదు. సంఘం కారణాలను విచారించి సిఫారసు చేసిన పిమ్మట 115వ అధికరణం ప్రకారం లోక్‌సభ ఓటుతో దానిని క్రమబద్ధం చేయవలసి ఉంటుంది. అదే శాఖ 60 కోట్లే ఖర్చు చేసి 40 కోట్లు మిగిల్చినా అది పొదుపుగా పరిగణించబడదు. అంచనాలు సరిగా వేయలేదా, లేక పనులే జరగలేదా అన్న ప్రశ్న ఉదయిస్తుంది. వ్యయం చట్టబద్ధమేనా అన్నదానితో ఆగక, సొమ్ముకు తగిన ఫలితం వచ్చిందా, వృథా జరిగిందా అన్న అంశాలను కూడా సంఘం పరిశీలిస్తుంది. పన్నుల వసూళ్ళ వంటి రాబడి వ్యవహారాలు సైతం దీని పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వ విధానం మంచిదా చెడ్డదా అని నిర్ణయించడం మాత్రం దీని పని కాదు.

పరిశీలన జరిగే తీరు

సంవత్సరారంభంలో సంఘం కాగ్ నివేదికల నుండి ముఖ్యమైన పేరాలను ఎంపిక చేసుకుంటుంది. సంబంధిత మంత్రిత్వ శాఖకు ప్రశ్నావళిని పంపి లిఖితపూర్వక సమాధానాలు తెప్పించుకుంటుంది. తరువాత శాఖ కార్యదర్శి స్వయంగా హాజరై మౌఖిక సాక్ష్యం ఇస్తారు. మంత్రులను సాక్ష్యానికి పిలిచే ఆచారం లేదు. సమావేశాలలో కాగ్ లేదా ఆయన ప్రతినిధులు పాల్గొని లెక్కల సూక్ష్మాలను సభ్యులకు వివరిస్తారు. సమావేశాలు రహస్యంగా జరుగుతాయి. విలేఖరులకు ప్రవేశం లేనందువలన సభ్యులు పార్టీ వాదనలకంటే లెక్కలపై దృష్టి నిలుపుతారని భావిస్తారు.

నివేదిక సభకు సమర్పించబడిన తరువాత ప్రభుత్వం ఆరు నెలలలోగా తాను తీసుకున్న చర్యలను తెలియజేయాలి. ఆ సమాధానాలను సంఘం మళ్ళీ పరిశీలించి, ఏ సిఫారసులు అమలయ్యాయో, ఏ సమాధానాలు సంతృప్తికరంగా లేవో తెలుపుతూ మరొక నివేదిక ఇస్తుంది. సిఫారసును ప్రభుత్వం తిరస్కరించవచ్చును. కాని తిరస్కరణకు కారణాన్ని వ్రాతపూర్వకంగా చెప్పాలి.

ఇతర సంఘాలు

* అంచనాల సంఘం: 1950లో ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 30 మంది సభ్యులూ లోక్‌సభకు చెందినవారే. బడ్జెటు అంచనాలలో పొదుపునకు గల అవకాశాలను సూచిస్తుంది.
* ప్రభుత్వ రంగ సంస్థల సంఘం: 1964లో ఏర్పడింది. 22 మంది సభ్యులు. ప్రభుత్వ సంస్థల లెక్కలను పరిశీలిస్తుంది.
* శాఖాపరమైన స్థాయీ సంఘాలు: 1993లో 17 సంఘాలతో మొదలై 2004లో 24కు పెరిగాయి. ఒక్కొక్క దానిలో 31 మంది సభ్యులు ఉంటారు. గ్రాంట్ల డిమాండ్లను సభ ఆమోదించక ముందే పరిశీలిస్తాయి.

స్థూలంగా చెప్పాలంటే స్థాయీ సంఘాలు ఖర్చుకు ముందు, ప్రజా పద్దుల సంఘం ఖర్చు తరువాత పరిశీలన చేస్తాయి.

ముఖ్యమైన సందర్భాలు

జీపుల కొనుగోలు: 1948లో సైన్యం కొరకు లండనులోని భారత హైకమిషను ద్వారా జరిగిన జీపుల కొనుగోలులో నియమాలను పాటించలేదని 1951లో సంఘం తప్పుపట్టింది. 1955 సెప్టెంబరులో ఈ వ్యవహారం ముగిసినట్లు ప్రభుత్వం ప్రకటించింది. నాటి హైకమిషనరు వి.కె.కృష్ణమీనన్ 1956లో కేంద్రమంత్రి అయ్యారు. సిఫారసులను అమలు చేయించే అధికారం సంఘానికి లేదన్న విషయం ఆనాడే స్పష్టమైంది.

2జి స్పెక్ట్రం: 2008లో టెలికం శాఖ జరిపిన లైసెన్సుల కేటాయింపు వలన సుమారు 1.76 లక్షల కోట్ల రూపాయల వరకు ఊహాత్మక నష్టం జరిగి ఉండవచ్చునని కాగ్ 2010 నవంబరులో నివేదించింది. మురళీ మనోహర్ జోషి అధ్యక్షతన సంఘం విచారణ జరిపింది. 2011 ఏప్రిల్‌లో ముసాయిదా నివేదికపై సంఘం రెండుగా చీలిపోయింది. అధ్యక్షుడు సమావేశాన్ని వాయిదా వేసి వెళ్ళిపోగా, మిగిలిన 11 మంది సభ్యులు సైఫుద్దీన్ సోజ్‌ను అధ్యక్షుడుగా ఎన్నుకుని ముసాయిదాను తిరస్కరించారు. జోషి సమర్పించిన నివేదికను స్పీకరు మీరాకుమార్ తిప్పి పంపారు. సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో 122 లైసెన్సులను రద్దు చేసింది. క్రిమినల్ కేసులో నిందితులందరినీ 2017 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా ప్రకటించింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసిన వైఎస్సార్ కాంగ్రెసు సభ్యుడు బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి 2019లో ఆర్థికమంత్రి అయ్యారు. 2019 తరువాత అధ్యక్షుడైన తెలుగుదేశం సభ్యుడు పయ్యావుల కేశవ్ 2024లో ఆర్థికమంత్రి అయ్యారు.

2024 నవంబరులో జరిగిన ఎన్నికలో ఈ సంప్రదాయం తెగింది. శాసనసభ నుండి ఎన్నిక కావలసిన 9 స్థానాలకు 175 మంది సభ్యులున్న సభలో ఒక్కొక్క అభ్యర్థికి 18 ఓట్లు అవసరం. వైఎస్సార్ కాంగ్రెసుకు 11 మంది సభ్యులే ఉన్నారు. ఆ పార్టీ సంప్రదాయాన్ని గౌరవించలేదంటూ ఎన్నికను బహిష్కరించగా, సంఖ్యాబలం లేదని పాలకపక్షం వాదించింది. కూటమి భాగస్వామి అయిన జనసేనకు చెందిన పులపర్తి రామాంజనేయులు అధ్యక్షులయ్యారు.

తెలంగాణలో 2019లో మజ్లిస్ నాయకుడు అక్బరుద్దీన్ ఒవైసీ అధ్యక్షులయ్యారు. 2024లో భారత రాష్ట్ర సమితి టికెట్టుపై గెలిచిన అరెకపూడి గాంధీని నియమించగా, ఆయన అప్పటికే కాంగ్రెసు వైపు చేరారని ఆ పార్టీ అభ్యంతరం తెలిపింది.

పరిమితులు

సంఘం పరిశీలన ఖర్చు జరిగిన కొన్నేళ్ళకు గాని మొదలు కాదు. అప్పటికి సంబంధిత అధికారులు బదిలీ కావడమో, పదవీ విరమణ చేయడమో జరుగుతుంది. ఏటా కొద్ది పేరాలను మాత్రమే లోతుగా పరిశీలించడం సాధ్యమవుతుంది. సభ్యులు ఏడాదికొకసారి మారే అవకాశం ఉన్నందున అనుభవం నిలవడం కష్టం. సిఫారసులు సలహా రూపమైనవే.

ఇన్ని పరిమితుల నడుమ సంఘానికి బలాన్నిచ్చేవి కాగ్ తనిఖీ, శాఖ వ్రాతపూర్వకంగా సమాధానం చెప్పక తప్పని నియమం, పార్టీలకు అతీతమైన ఏకాభిప్రాయం. మొదటి రెండింటికి రాజ్యాంగం, నియమావళి ఆధారంగా ఉన్నాయి. మూడవది సభ్యుల నడవడిపైనా, అలిఖిత సంప్రదాయంపైనా ఆధారపడి ఉన్నది.

ఇవి కూడా చూడండి

* కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్
* సంఘటిత నిధి
* ద్రవ్య వినిమయ బిల్లు
* అంచనాల సంఘం