సంఖ్యను ఎన్నుకొను మనసు

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము ఇరుగుపొరుగు వాడలు. ఉప్పల్ ప్రాంతీయ రవాణా కార్యాలయము క్రొత్త వాహనములకు సంఖ్యలను కేటాయించును. 1 మొదలు 9999 వరకు ఏ సంఖ్య వచ్చినను బండి నడకలో భేద మేమియు లేదు. అయినను 9999 వంటి సంఖ్యలకు వేలము జరుగును. లక్షలు వెచ్చించి వానిని దక్కించుకొనువారును కలరు. ఈ వాడల చెంతనే, హబ్సిగూడలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారి హైదరాబాదు కేంద్ర మున్నది. అచట ఏ సంఖ్యకును శుభాశుభములు లేవు. ఈ రెండు దృష్టులకు గల వైరుధ్యమే లాటరీల చరిత్రలో అడుగడుగునను కనబడును.

సంఖ్యలతో మమకారము మనకు క్రొత్త కాదు. ధాన్యము కొలుచు రైతు ‘ఒకటి’ అనక ‘లాభము’ అని మొదలిడును. ‘ఏడు’ అన్న మాటలో ఏడుపు వినవచ్చునని ‘ఆరున్నొకటి’ అనును. పెండ్లిలో నూరు రూపాయలు కాక నూటపదహార్లు చదివింతుము. హైదరాబాదు ముస్లిము సోదరులలో పలువురు 786ను బిస్మిల్లాకు గుర్తుగా మన్నింతురు. ఇవి ముచ్చటైన ఆచారములు. ఎవరికిని హాని లేదు. ఇదే మమకారము పందెముతో చేయి కలిపినప్పుడు మాత్రము కథ మారును.

సంఖ్యల లాటరీకి పుట్టినిల్లు ఇటలీలోని జెనోవా నగరము. అచట పాలకసభకు కొందరిని చీట్లు తీసి ఎన్నుకొను ఆచార ముండెడిది. ఎవరి పేరు వచ్చునా యని జనులు పందెములు కాయసాగిరి. క్రమముగా పేర్లు పోయి సంఖ్యలు వచ్చినవి. 90 సంఖ్యలలో అయిదింటిని తీయు పద్ధతి స్థిరపడినది. ఆ పద్ధతి ఫ్రాన్సు దేశమునకు ప్రాకి 1836 వరకు నిలిచినది. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1814లో సంభావ్యతపై వ్రాసిన గ్రంథమున ఒక వింతను గుర్తించెను: చిరకాలము రాని సంఖ్యపైనే జనులు ఎగబడుదురు. ఇంతకాలము రాలేదు కనుక ఇక వచ్చి తీరునని వారి తర్కము. కాని బుట్టలోని చీటికి జ్ఞాపకశక్తి లేదు గదా!

లాప్లాస్ హెచ్చరించిన రెండు శతాబ్దములకును ఆ తర్కము చావలేదు. ఇటలీలోని వెనీస్ లాటరీలో 53వ సంఖ్య 2003 మొదలు వరుసగా 182 పర్యాయములు రాలేదు. ప్రతి పర్యాయము దానికున్న అవకాశము పదునెనిమిదింట ఒకటి మాత్రమే. అది పెరుగలేదు, తరుగలేదు. అయినను ప్రజలు దానిపై దాదాపు 400 కోట్ల యూరోలు ఒడ్డిరి. 2005 ఫిబ్రవరి 9న ఆ సంఖ్య వచ్చెను. అప్పటికే కొన్ని కుటుంబములు వీధిపాలయినవని, ఆత్మహత్యలును జరిగినవని పత్రికలు తెలిపినవి.

ఇట్టి మోహమునకు మూలమేమి? 1975లో ఎలెన్ లాంగర్ అను అమెరికను మనస్తత్వవేత్త ఒక పరీక్ష చేసెను. ఒక డాలరు లాటరీ చీట్లను కొందరిచే స్వయముగా ఎన్నుకొననిచ్చి, మరికొందరికి ఎంపిక లేకుండ ఇప్పించెను. పిమ్మట వానిని తిరిగి అమ్ముదురా యని అడుగగా, ఇచ్చినది పుచ్చుకొన్నవారు సగటున రెండు డాలర్ల లోపే కోరిరి. ఎన్నుకొన్నవారు ఎనిమిది డాలర్లకు పైగా కోరిరి. చీట్లు రెండును సమానమే. స్వహస్తముతో ఎన్నుకొన్నంతనే అదృష్టము తన అదుపులోనికి వచ్చినట్లు మానవుడు భ్రమపడును.

మరియొక విచిత్రము కలదు. ఎవరికి వారు తమదే ప్రత్యేకమైన ఎంపిక అనుకొందురు; కాని అందరి మనసులును ఒకే దారిని నడచును. పుట్టినతేదీలను నమ్ముకొన్నవారు 31 దాటిపోలేరు. 1995 జనవరి 14న బ్రిటిషు జాతీయ లాటరీలో 7, 17, 23, 32, 38, 42 వచ్చినవి. ఆ ఆరింటినే ఎన్నుకొన్నవారు 133 మంది! కోటి అరువది లక్షల పౌండ్ల పైబడిన బహుమతి చీలి, ఒక్కొక్కరికి దాదాపు 1,22,500 పౌండ్లు దక్కినవి. ఆ సంఖ్యలు చీటి నడిమి వరుసలలో పడుటయే ఇందుకు కారణమని పరిశీలకుల అభిప్రాయము.

మన దేశమున 1967లో కేరళ ప్రభుత్వము లాటరీని నెలకొల్పినది. అందు సంఖ్య ముందే అచ్చయి యుండును. అయినను అమ్మువాని చేతి కట్టలోనుండి తన ‘కలిసివచ్చు’ చీటిని వెదకి తీయువారే ఎక్కువ. అంతకంటె ప్రమాదకరమైనది మట్కా. న్యూయార్కు ప్రత్తి ధరల అంకెలపై బొంబాయిలో సాగిన పందెములు 1960వ దశకము ఆరంభమున ఆగిపోగా, కుండలోని చీట్ల పందెము వాని స్థానమును ఆక్రమించినది. చట్టము నిషేధించినను ఆ జాడ్యము తెలుగు జిల్లాలకును ప్రాకినది. రెండంకెల జోడికి గెలుపు నూరింట ఒకటి. చెల్లింపు మాత్రము నూరు రెట్లకు తక్కువ. కలలో పాము కనబడినను, బస్సు సంఖ్య కంటబడినను ఈ లెక్క మారదు. పైగా నిత్యము ఒకే అంకెను కాయువాడు మానుటకు భయపడును: మానిన నాడే అది వచ్చునేమో యని! ఎంపిక ఆటగానిదే, కాని బందీయు ఆటగాడే.

గణాంకశాస్త్రజ్ఞులు మానవుని ఈ బలహీనతను గుర్తించియే యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలను సిద్ధపరచిరి. 1927లో టిప్పెట్ అను ఆంగ్లేయుడు జనాభా లెక్కలనుండి 41,600 అంకెలను గ్రహించి ప్రకటించెను. తెలుగువాడై విశ్వఖ్యాతి గడించిన సి.ఆర్. రావు గారు 1989లో ప్రకటించిన గ్రంథమునకు ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్: పుటింగ్ ఛాన్స్ టు వర్క్’ అని పేరిడిరి. యాదృచ్ఛికతను పనికి పెట్టుట యని ఆ ఉపశీర్షిక భావము. నాచారము పారిశ్రామికవాడలోని ఏ కర్మాగారమునందైనను వేయి సీసాలలో ఇరువదింటిని పరీక్షింపవలసి వచ్చెననుకొందము. చేతి కందినవి తీసిన పరీక్ష నమ్మదగినది కాదు. చేయి తనకు తెలియకుండనే అందుబాటులోని వానినే కోరును. పట్టిక చెప్పిన సంఖ్యల ప్రకారము తీసినచో లోపములు దాగుట కష్టము. కార్మికుని కూలిని హరించిన యాదృచ్ఛికతయే ఇచట అతని శ్రమకు మంచిపేరు తెచ్చును.

బండికి నచ్చిన సంఖ్యను కోరుకొనుట ముచ్చట. ఆ ముచ్చటకు వెల ముందే తెలియును. పందెపు సంఖ్యకు వెల ముందు తెలియదు. దానిని చెల్లించునది మాత్రము తరచుగా ఇల్లాలు, పిల్లలు.