మంజీర మోసుకొచ్చిన మట్టి

నిజామాబాద్ సీమకు అన్నం పెట్టిన నది మంజీర. మహారాష్ట్రలో బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నదిపై అచ్చంపేట వద్ద కట్టిన రాతి ఆనకట్టే నిజాంసాగర్.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1923లో పనులు మొదలై 1931లో పూర్తయ్యాయి. రూపశిల్పి చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజైన జూలై 11నే తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవం జరుపుకుంటోంది. ప్రాజెక్టు లక్ష్యం 2.75 లక్షల ఎకరాలకు నీరు. కాలువ పారిన దారంతా వరి, చెరకు పచ్చబడ్డాయి. ఆ చెరకు అండతోనే బోధన్‌లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ వెలసింది.

అయితే వరద వట్టి నీటినే తేదు. ఎగువన చెట్టూచేమా లేని వాలు నేలల మట్టిని కోసుకొస్తుంది. జలాశయంలో చేరగానే ప్రవాహం నెమ్మదించి, ఆ ఒండ్రు అడుగుకు దిగుతుంది. కట్టినప్పుడు దాదాపు 29.7 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్, నాలుగైదు దశాబ్దాలకే సగానికి పైగా పూడిపోయింది. 1970లలో నీటిమట్టాన్ని 1,405 అడుగులకు పెంచి, నిల్వను 17.8 టీఎంసీలకు చేర్చారు. పోయిన దానిలో కొంతే తిరిగి దక్కింది.

ఆ తర్వాత ఎగువన, అదే మంజీరపై సింగూరు జలాశయం వచ్చింది. హైదరాబాద్ దాహం తీర్చడం దాని ముఖ్య బాధ్యత. దీంతో నిజాంసాగర్‌కు దిగే నీళ్లు తగ్గాయి. కాలువ చివరి భూములను ఆదుకోవడానికి అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు కట్టి, గోదావరి నీటిని పైకి తోడాల్సి వచ్చింది.

ఆనకట్ట గొప్పదనాన్ని ఎత్తుతో, గేట్లతో కొలవడం మనకు అలవాటు. దాని ఆయుష్షు మాత్రం వందల కిలోమీటర్ల ఎగువన ఉన్న మట్టి చేతిలో ఉంది. కొత్త ప్రాజెక్టుకు కోట్లు కేటాయించే ప్రభుత్వాలు పరీవాహక ప్రాంతంలో చెట్లకు, చెక్‌డ్యామ్‌లకు, పొలం గట్లకు కూడా అదే శ్రద్ధతో నిధులివ్వాలి. మంజీర మూడు రాష్ట్రాల నది కాబట్టి, ఆ పని మూడు రాష్ట్రాలూ కలిసి చేయాలి.