భక్తి భావమా, రసమా?

భాగవత శ్రవణవేళ శ్రోత కన్నులు చెమర్చుతాయి, దేహం పులకిస్తుంది. ఆ అనుభూతికి సాహిత్యశాస్త్రంలో ఏ పేరు పెట్టాలి? ఈ ప్రశ్నపై ఆలంకారికులు శతాబ్దాల పాటు వాదించారు.

ఆ వాదానికి మూలం భరతముని నాట్యశాస్త్రం. అందలి పరిభాష పోతనామాత్యుని గజేంద్రమోక్షం ద్వారా సుబోధమవుతుంది. ఆపదలో గజేంద్రుని హృదయం ఆశ్రయించిన శ్రీహరి ఆలంబన విభావం. దీనులను కాచే ఆయన గుణాల స్మరణ ఉద్దీపన విభావం. ఎలుగెత్తి మొరపెట్టడం అనుభావం. రక్షకుడు అసలు ఉన్నాడా అన్న శంక, దైన్యం వచ్చిపోయే వ్యభిచారిభావాలు. వీటన్నింటి అడుగున చెదరక నిలిచిన భగవద్రతి స్థాయీభావం. సహృదయుని చిత్తంలో స్థాయీభావం ఆస్వాద్యమైనప్పుడు అది రసమవుతుంది.

అయితే భరతుడు వివరించిన ఎనిమిది రసాలలో భక్తి లేదు. కాశ్మీరదేశీయుడైన అభినవగుప్తుడు శాంతాన్ని తొమ్మిదవ రసంగా సమర్థించాడు కాని, భక్తికి ప్రత్యేక రసస్థానం ఇవ్వలేదు. 11వ శతాబ్దిలో మమ్మటుడు కావ్యప్రకాశంలో దేవతావిషయకమైన రతిని ‘భావం’ అన్నాడు. అనగా అది రసస్థాయికి చేరదని తాత్పర్యం.

16వ శతాబ్దిలో ఈ నిర్ణయం కదిలింది. రూపగోస్వామి 1541లో భక్తిరసామృతసింధువును పూర్తిచేసి, భక్తినే మూలరసంగా నిలిపాడు. శాంత, దాస్య, సఖ్య, వాత్సల్య, మధురాలు దాని ముఖ్యభేదాలైనాయి. అద్వైతాచార్యుడైన మధుసూదన సరస్వతి భక్తిరసాయనంలో చిత్తాన్ని లక్కతో పోల్చాడు. వేడికి కరిగిన లక్కపై పడిన ముద్ర అది గట్టిపడిన తరువాత కూడా చెరగదు. అట్లే ద్రవించిన చిత్తంలో ముద్రితమైన భగవదాకారమే స్థాయీభావమని ఆయన సిద్ధాంతం.

17వ శతాబ్దిలో ఆంధ్రుడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో ఈ వివాదాన్ని మరల విచారించాడు. భక్తికి ఆలంబనమున్నది, అశ్రుపులకాదులున్నాయి, భక్తులకు ప్రత్యక్షానుభవమున్నది; అనురాగరూపమైన భక్తి వైరాగ్యమూలమైన శాంతంలో ఇమడదు. ఈ పూర్వపక్షాన్ని ఆయనే బలంగా వినిపించాడు. అయినా చివరకు, మునివచనం నియమించిన రససంఖ్యను భంగపరిస్తే వ్యవస్థయే నిలువదని, భక్తిని భావంగానే ఉంచాడు. గంగాలహరిలో గంగామాతను ఆర్తితో స్తుతించిన కవి కూడా ఆయనే!

కనుక భక్తిని భావమన్నవారు దానిని న్యూనపరచినట్లు తలచరాదు. పండితరాయలు నిర్ణయించినది శాస్త్రంలో ఒక పదానికి ఉన్న హద్దును. గంగాలహరిలో వెల్లడించినది స్వానుభవాన్ని. మధుసూదనుడు ఆ అనుభవాన్నే ప్రమాణంగా గ్రహించి హద్దును విస్తరించాడు. తైత్తిరీయోపనిషత్తు పరతత్త్వాన్నే రసస్వరూపంగా నిరూపించిందని తెలిసిన సాధకునికి ఈ పరిభాష పాండిత్యానికే పరిమితం కాదు. శ్రవణవేళ తన చిత్తంలో క్షణికంగా మెదలి మాయమైనదేదో, స్థిరంగా నిలిచినదేదో వేరుపరచి చూచుకొనడానికి అది ఉపకరిస్తుంది.