ఇంటి కంప్యూటర్‌కి కేపిటల్ రిపేరు

దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక చుట్టుపక్కల ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగుల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ‘కేపిటల్ రిపేరు’ అన్న మాట కొత్త కాదు. పాడైన చోట మాత్రం సరిచేసి మళ్ళీ నడిపిస్తే అది మామూలు రిపేరు. ఫర్నేస్‌ని చల్లార్చి, లోపలి ఇటుకల పొర తీసేసి, పనికొచ్చే చట్రాన్ని ఉంచుకుని మిగతాది కొత్తగా కడితే అది కేపిటల్ రిపేరు. విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో లేచింది, ఒప్పందం 1979 నాటిది. రష్యన్‌లోనూ ఇలాంటి పనిని ‘కపితాల్నీ రెమోంత్’ అనే అంటారు. 1990లో వెలిగిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు గోదావరి. 2014లో దాని కేపిటల్ రిపేరు ముగిసేసరికి ఘనపరిమాణం 3,200 ఘనపు మీటర్ల నుంచి 3,800కి పెరిగింది. బాగుచేయడం, పెంచడం రెండూ ఒకే పనిగా జరిగిపోయాయి.

మన ఇళ్ళల్లో ఈ రెండు పనులూ ఇలా ఒకటిగా జరిగిన యంత్రం ఇంకొకటి ఉంది. అది డెస్క్‌టాప్ కంప్యూటర్. టీవీ పాడైతే బాగుచేయించుకున్నాం కానీ దాని తెర పెంచుకోలేదు. ఫ్రిజ్‌కి గ్యాస్ నింపించాం కానీ ఇంకో అర చేర్చలేదు. కంప్యూటర్ని మాత్రం పాడైన వంకతో పెంచుకున్నాం. హార్డ్ డిస్క్ పోయిందంటే రెండింతల డిస్క్ వచ్చేది. బోర్డు పోయిందంటే కొత్త ప్రాసెసర్ కూడా వచ్చేది. దీన్ని కంప్యూటర్ల సహజ గుణం అనుకున్నాం. నిజానికి ఇది కొన్ని నిర్ణయాల వల్ల తెరుచుకున్న తలుపు. ఎవరి నిర్ణయాలు, ఎప్పుడు తీసుకున్నారు అన్నది చూస్తే, ఇప్పుడది ఎందుకు మూసుకుపోతోందో కూడా తెలుస్తుంది.

మొదట మన దేశంలో కంప్యూటర్ని విప్పే హక్కు దాన్ని వాడేవాళ్ళకి లేదు. ఐబీఎం తన యంత్రాలని ఎక్కువగా అద్దెకి ఇచ్చేది. 1959 నాటి 1401 మోడల్‌ని, వేరే చోట వాడేసినవి కూడా బాగుచేసి, డెబ్భైల దాకా ఇక్కడ నడిపింది. యంత్రం వాళ్ళది, రిపేరు చేసే మనిషీ వాళ్ళ మనిషే. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం వాటా తగ్గించుకోమంటే ఒప్పుకోక, 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్ళింది. ఆ యంత్రాల సంరక్షణని ఒక ప్రభుత్వ సంస్థ తీసుకుంది. దాని పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. తరువాతి కాలంలో హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన సీఎంసీ ఇదే.

ఒక దేశం కంప్యూటర్ తయారు చేయడానికి సంస్థ పెట్టుకోవడం మామూలే, హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 తయారు చేసింది. కానీ రిపేరు కోసం ఒక సంస్థని పెట్టి, ఆ మాటని పేరులోనే పెట్టుకోవడం అరుదు. వేరేవాడి యంత్రాన్ని, వాడు లేకుండా నడపడం ఒక విద్య అని అప్పటి వాళ్ళు గుర్తించారన్నమాట. 1984లో ఆ సంస్థ పేరు సీఎంసీ లిమిటెడ్‌గా మారింది. మెయింటెనెన్స్ అన్న మాట పొడి అక్షరంలోకి ముడుచుకుపోయింది. అదే ఏడాది నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతులని సడలించింది. రిపేరు ప్రభుత్వ సంస్థ చేతిలోంచి వీధిలోకి రావడానికి దారి అక్కడ మొదలైంది.

ఇంకో తలుపు అంతకు మూడేళ్ళ ముందే అమెరికాలో తెరుచుకుంది. 1981 ఆగస్టులో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ విడుదల చేసింది. తొందరలో ఉంది కాబట్టి ఎక్కువ భాగం బజార్లో దొరికే విడిభాగాలతోనే కట్టింది. అదనపు కార్డులు గుచ్చుకోవడానికి స్లాట్లు వదిలింది. ఆ కార్డులు బయటివాళ్ళు తయారు చేయాలి కాబట్టి సర్క్యూట్ పటాలతో సహా టెక్నికల్ మాన్యువల్ అచ్చేసి అమ్మింది. బయాస్ ప్రోగ్రాము కూడా అందులో ఉంది. దానికి కాపీరైటు ఉంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు వాడకూడదు. కాంపాక్ 1982లో అదే పని చేసే సొంత బయాస్ రాసుకుని ఐబీఎంతో కలిసిపోయే కంప్యూటర్ ప్రకటించింది. ఆ దారిలో తైవాన్ కంపెనీలు నడిచాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది. బోర్డుకి స్క్రూలు ఎక్కడ రావాలో, పవర్ సప్లై ఎలా కూర్చోవాలో అందులో నిర్ణయించేశారు. అందుకే ఒక కంపెనీ బోర్డు ఇంకో కంపెనీ క్యాబినెట్లో ఇప్పటికీ చక్కగా కూర్చుంటుంది.

అయినా మధ్యతరగతి ఇంటికి రావాలంటే సుంకం అడ్డు. దువ్వాడలోనే దాన్ని చూడొచ్చు. ఇక్కడి ఎగుమతుల జోన్ 2003లో సెజ్ అయింది. ఎగుమతి కోసం పనిచేసే యూనిట్‌కి ఆ ప్రహరీ లోపల సుంకం లేకుండా యంత్రాలు వచ్చేవి. గోడకి ఇవతల ఇంట్లో పిల్లల చదువు కోసం కంప్యూటర్ కొనేవాళ్ళకి మాత్రం సుంకం ధరలో కలిసే వచ్చేది. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ కింది ఐటీ ఒప్పందంలో చేరింది. దాని ప్రకారం కంప్యూటర్లు, విడిభాగాల మీద సుంకాలు దశలవారీగా తగ్గి 2005 నాటికి సున్నా కావాలి. మన ఊళ్ళలో ‘అసెంబుల్డ్ సిస్టం’ విజృంభించిన కాలం సరిగ్గా ఇదే.

అప్పటి కొనుగోలు ఎలా ఉండేదో గుర్తున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపుకి వెళితే కొటేషన్ రాసిచ్చేవాళ్ళు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, క్యాబినెట్, మానిటర్, ఒక్కోదానికీ ఒక్కో వరస, ఒక్కో ధర. బ్రాండెడ్ కంప్యూటర్ కొంటే ఒకే అంకె కనబడుతుంది. అసెంబుల్డ్‌లో లోపల ఏముందో, ఏది ఎంతో కొనకముందే తెలిసిపోతుంది. ఆ చీటీయే చాలామందికి హార్డ్‌వేర్‌లో మొదటి పాఠం. బేరం కుదరకపోతే సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండేది. అక్కడ కొన్న బోర్డు బట్టల మధ్య చుట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారేసరికి దువ్వాడలో దిగిపోవచ్చు.

ఆ తరువాతే అసలు చదువు. సిస్టం ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు, ఆగి ఆగి పొడుగ్గా బీప్ మని మోగుతుంది. ‘ర్యామ్ తీసి, ఎరేజర్‌తో రుద్ది, మళ్ళీ పెట్టండి’ అనేవాడు షాపు కుర్రాడు. చాలాసార్లు పనిచేసేది. చూడ్డానికి నాటువైద్యంలా ఉన్నా దాని వెనక కారణం ఉంది. ర్యామ్ అంచున కనబడే బంగారు పూత చాలా పల్చన. దాని మీద తేమ, దుమ్ము, మురికి పొర కడితే విద్యుత్తు సరిగా దాటదు. నిజానికి సగం వైద్యం తీసి పెట్టడంలోనే జరిగిపోతుంది. స్లాట్ లోపలి స్ప్రింగులు పూతని గీసుకుంటూ వెళ్ళి దాన్ని తుడిచేస్తాయి. ఎరేజర్‌తో గట్టిగా రుద్దితే మురికితోపాటు బంగారమూ కొంచెం కొంచెం పోతుంది. మెత్తటి గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు.

గడియారం ప్రతిసారీ వెనక్కి పోతుంటే నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ మార్చాలి. ఆట మధ్యలో ఆగిపోతుంటే హీట్‌సింక్‌లో దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ చూడాలి. ఏమీ తెలియకపోతే అన్నీ పీకేసి ప్రాసెసర్, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచి, ఒక్కోటీ చేర్చుకుంటూ రావాలి. ఏది చేర్చాక ఆగిందో అదే దొంగ. ఈ పద్ధతికి కంప్యూటర్ సైన్సు డిగ్రీ అక్కర్లేదు. కానీ దీన్ని నేర్చుకున్న కుర్రాడికి ఒక ధైర్యం వచ్చేది. యంత్రం లోపల మాయ లేదు, భాగాలున్నాయి, వాటిని ఒక్కోటిగా అడిగి చూడొచ్చు.

విశాఖలాంటి ఊళ్ళో గాలి కూడా ఈ కథలో ఒక పాత్రే. సముద్రం వైపు నుంచి ఉప్పు తేమ. ఓడరేవు వైపు నుంచి బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. పాతనగరంలో ఇళ్ళల్లో నల్లగా పేరుకునే పొర గురించి జనం ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నారు. తేమని పట్టి ఉంచే దుమ్ము సర్క్యూట్ మీద కూర్చుంటే వేడి బయటికి పోదు, తుప్పు తొందరపడుతుంది. 2006 జులై నుంచి ఐరోపా నిబంధనల వల్ల ఎలక్ట్రానిక్స్‌లో సీసం వాడకం తగ్గింది. మనుషుల ఆరోగ్యానికి అది అవసరమైన మార్పే. అయితే సీసం-తగరం పూత బదులు కొన్ని బోర్డులకి వెండి పూత వేయడం మొదలైంది. గంధకపు వాయువులున్న పారిశ్రామిక గాలిలో ఆ పూత పక్కనున్న రాగి నల్లబడి, ఆ నలుపు బోర్డు మీద పాకుతూ పోయి షార్ట్ చేస్తుంది. ఎక్కడో చల్లటి, పొడి ఊళ్ళో గీసిన డిజైన్ ఇక్కడి గాలిలో ఎలా బతుకుతుందో మొదట తెలిసేది మూత విప్పినవాడికే.

అన్ని లోపాలూ ఊరివి కావు. సుమారుగా 1999 నుంచి 2007 దాకా తయారైన బోర్డుల్లో కెపాసిటర్లు ఉబ్బి, పైన పగిలి, గోధుమరంగు ద్రవం కారేది. లోపలి ద్రవంలో ఉండాల్సిన రక్షక రసాయనాలు సరిగా లేక హైడ్రోజన్ వాయువు పుట్టి ఉబ్బేవి. ప్రపంచమంతా ఇదే కథ, పెద్ద కంపెనీల కంప్యూటర్లలోనూ ఇదే. మన దగ్గర మాత్రం సోల్డరింగ్ ఐరన్ పట్టిన మెకానిక్ అవి తీసేసి, అదే విలువ ఉన్న కొత్తవి అతికి బోర్డుని బతికించేవాడు. కంపెనీ భాషలో ఆ బోర్డు పనికిరానిది. వీధి భాషలో ‘నాలుగు కెపాసిటర్ల పని’.

తలుపు మూసుకోవడం చప్పుడు లేకుండా జరిగింది. ల్యాప్‌టాప్ సన్నబడింది. 2012లో ఆపిల్ రెటీనా మ్యాక్‌బుక్ ప్రో వచ్చింది. ర్యామ్ బోర్డుకే అతికేశారు, బ్యాటరీని జిగురుతో అంటించారు. విప్పి చూసే ఐఫిక్సిట్ వాళ్ళు రిపేరుకి పదికి ఒక మార్కు వేశారు. మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. ఇందులో అంతా కుట్రే అనుకోవడం తప్పు. తక్కువ కరెంటుతో వేగంగా నడిచే మెమరీకి ప్రాసెసర్ పక్కనే, చాలా చిన్న తీగల దూరంలో ఉండాల్సిన ఇబ్బంది నిజంగానే ఉంది. కానీ ఆ ఇబ్బందిని దాటడం అసాధ్యం కాదని 2023 డిసెంబరులో వచ్చిన క్యామ్2 ప్రమాణం చూపించింది. వేగమూ ఉంది, స్క్రూ విప్పి మార్చుకునే వీలూ ఉంది. అలా చేయాలా వద్దా అన్నది ఎవరు ఎంచుకుంటారన్నదే ప్రశ్న.

ఇక 2025 అక్టోబరు 14. ఆ రోజు విశాఖపట్నానికి పండగ వార్త వచ్చింది. ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో ఇక్కడ ఏఐ డేటా కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. అదే రోజు ప్రపంచమంతటా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఈ రెండిటికీ సంబంధం లేదు, తేదీ కలిసిందంతే. కానీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన వార్తలవి. విండోస్ 11కి టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో కావాలి. అంతకు ముందువి, ఒక ఎస్‌ఎస్‌డీ వేసి ర్యామ్ పెంచితే ఇప్పటికీ చక్కగా పరిగెత్తేవి, ఏ భాగమూ పాడవకుండానే పాతబడిపోయాయి. ఇన్నాళ్ళూ మనకి తెలిసిన లోపాలన్నీ వస్తువులో ఉండేవి. ఇది పట్టికలో ఉన్న లోపం. ఎరేజర్‌తో పోదు.

ఆ తరువాత ర్యామ్ ధరలు ఎగబాకాయి. ఏఐ డేటా కేంద్రాలకి కావల్సిన మెమరీ తయారీకే ఫ్యాక్టరీలు మొగ్గుచూపాయి. ఇంటి కంప్యూటర్లవాళ్ళకి బాగా తెలిసిన క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకి అమ్మడం మానేస్తామని డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. డేటా కేంద్రం రావడం తప్పని కాదు. ఊరికి ఉద్యోగాలు కావాలి. కానీ కంప్యూటర్ మళ్ళీ 1978కి ముందులాగా ఎక్కడో చల్లటి గదిలో, ఎవరిదో యంత్రంగా, అద్దెకి మాత్రమే దొరికే వస్తువవుతుంటే, మన దగ్గర ఏం మిగులుతుందో అడగాలి కదా.

చేయగలిగినవి ఉన్నాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసింది, ఆ ఏడాది చివర్లో ఒక పోర్టల్ తెచ్చింది. చట్టం అయ్యే దాకా అడుగుతూనే ఉండాలి. విడిభాగాలు, సర్క్యూట్ పటాలు అందుబాటులో ఉంచడం కొత్త కోరికేం కాదు, 1981లో ఐబీఎం తన లాభం కోసం తానే చేసిన పని అది. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే దాన్ని తుక్కుకి వేసేముందు ఒక ఎస్‌ఎస్‌డీ, లైనక్స్ వేసి చూడొచ్చు. కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు రంగు, బరువుతోపాటు ర్యామ్ మార్చుకోవచ్చా, బ్యాటరీ దొరుకుతుందా అని ఒక్క మాట అడగొచ్చు. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తగ్గిపోతే జవాబు ఉంచాల్సిన అవసరం కంపెనీలకీ ఉండదు.

ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేస్ ఇటుకలు అరిగిపోయాయని ఫర్నేస్‌నే పారేయరు. ఎందుకంటే దాన్ని కట్టేటప్పుడే మళ్ళీ విప్పాల్సిన రోజు వస్తుందని లెక్క వేసుకుంటారు. యంత్రానికి గౌరవం ఇవ్వడమంటే అదే అనిపిస్తుంది. వాడేవాళ్ళకి కూడా.