రూవి తెలుగు విద్యార్థులు, వైద్యవిద్య: పదకొండో తరగతిలో సబ్జెక్టుల ఎంపిక

రూవి ఒమన్ రాజధాని మస్కట్‌లోని వ్యాపార కేంద్రం, మత్రా విలాయత్‌లో భాగం. బ్యాంకుల ప్రధాన కార్యాలయాలు, బస్‌స్టేషన్, రూవి హై స్ట్రీట్ దుకాణాలు ఇక్కడివే. వాటి వెనక వీధుల ఫ్లాట్లలో భారతీయ కుటుంబాలు దశాబ్దాలుగా కాపురముంటున్నాయి. ఆనుకుని ఉన్న దార్‌సైత్‌లో 1975లో మొదలైన ఇండియన్ స్కూల్ మస్కట్, మరోవైపు వాదీ కబీర్‌లోని ఇండియన్ స్కూలు ఈ ప్రాంతపు పిల్లలకు అందుబాటులో ఉన్న బడులు. ఈ బడులు అనుసరించేది సీబీఎస్ఈ పాఠ్యక్రమం. అందువల్ల ఇక్కడి తెలుగు పిల్లలకు ‘బైపీసీ’ అనే గ్రూపు ఉండదు. ఆ మాట ఇంట్లో వినిపిస్తుంది. బడిలో మాత్రం సబ్జెక్టులు విడివిడిగా ఉంటాయి, వాటిని కూర్చుకోవలసింది విద్యార్థే.

డాక్టరు కావాలనుకునే విద్యార్థికి ఈ కూర్పులో నిజంగా చేతిలో ఉన్నది ఒక్క సబ్జెక్టే. మిగతావి నిబంధనలే తేల్చేస్తాయి. కానీ గల్ఫ్‌లో పెరిగే తెలుగు పిల్లల విషయంలో సబ్జెక్టు కన్నా ముందే తేలవలసిన ప్రశ్న ఒకటుంది: తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఎక్కడ చదువుతారు? చాలా ఇళ్లలో ఈ రెండు ప్రశ్నలూ పదో తరగతి ఫలితాల తర్వాతే చర్చకు వస్తాయి. అప్పటికి రెండోదానికి జవాబు సగం తేలిపోయి ఉంటుంది.

తప్పనిసరి సబ్జెక్టులు

భారతదేశంలో ఎంబీబీఎస్, బీడీఎస్, ఆయుర్వేద, హోమియో కోర్సులకు ఏకైక ప్రవేశపరీక్ష నీట్ యూజీ. ఎయిమ్స్, జిప్‌మర్ తమ సొంత పరీక్షలను 2019తో ఆపేసి 2020 నుంచి నీట్‌లో కలిశాయి. తెలుగు రాష్ట్రాల్లో వైద్య ప్రవేశాలకు ఎంసెట్ స్థానంలో 2017 నుంచి నీటే కొలబద్ద. ఈ పరీక్ష రాసి సీటు పొందాలంటే పన్నెండో తరగతిలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం లేదా బయోటెక్నాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. నాలుగింటిలోనూ విడివిడిగా ఉత్తీర్ణత కావాలి. మూడు సైన్సు సబ్జెక్టుల్లో కలిపి కనీస మార్కుల నిబంధన ఉందేమో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఒక తరగతి దాటించి పై తరగతిలో చేర్చిన పిల్లల తల్లిదండ్రులు ఈ వయసు నిబంధనను ముందే చూసుకోవడం మంచిది.

విడివిడిగా ఉత్తీర్ణత అన్నదానిలో ఒక చిక్కు ఉంది. సీబీఎస్ఈలో అయిదు సబ్జెక్టులతో పాటు ఆరోది అదనంగా తీసుకోవచ్చు. మొదటి అయిదింటిలో ఒకటి తప్పినా ఆరోదానిలో నెగ్గితే దాని స్థానంలో దీన్ని లెక్కించి పన్నెండో తరగతి పాసైనట్లు ధ్రువపత్రం ఇస్తారు. ఫిజిక్స్ తప్పి ఫిజికల్ ఎడ్యుకేషన్‌తో గట్టెక్కిన విద్యార్థి పన్నెండో తరగతి పాసైనట్టే, కానీ వైద్యవిద్యకు అర్హత లేనట్టే. అదనపు సబ్జెక్టు డిగ్రీ చదువుకు రక్షణ ఇస్తుంది గానీ మెడికల్ సీటుకు ఇవ్వదు.

జీవశాస్త్రానికి బదులు బయోటెక్నాలజీ నిబంధన ప్రకారం చెల్లుతుంది. అయినా నీట్ ప్రశ్నపత్రం వచ్చేది జీవశాస్త్రం నుంచే. 720 మార్కుల్లో 360 వృక్ష, జంతుశాస్త్రాలవే. బయోటెక్నాలజీ మాత్రమే చదివిన విద్యార్థి సగం పరీక్షను సొంతంగా నేర్చుకోవాలి. తెలిసి చేస్తే తప్పు లేదు. పేరు కొత్తగా ఉందని తీసుకుంటే మాత్రం రెండేళ్లు ఎదురీదినట్టే.

అయిదో సబ్జెక్టు

చర్చంతా సాగేది ఇక్కడే. బడిని బట్టి గణితం, కంప్యూటర్ సైన్స్, ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్, సైకాలజీ, ఫిజికల్ ఎడ్యుకేషన్ వంటివి అందుబాటులో ఉంటాయి. గల్ఫ్ బడుల్లో బాగా చలామణీలో ఉన్న కూర్పు ‘బయో-మ్యాథ్స్’, అంటే మూడు సైన్సులతో పాటు గణితం. తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ అని గ్రూపులు చీలిపోయినందువల్ల ఈ వెసులుబాటు చాలాకాలం ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం కలిపి చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది.

ముందుగా చెప్పవలసిన మాట: గణితం సబ్జెక్టుగా ఉండడం వల్ల నేరుగా నీట్ ర్యాంకు పెరగదు, లేకపోవడం వల్ల నేరుగా తగ్గదు. నీట్‌లో గణితం పేపరు లేదు. బోర్డు మార్కులకు ర్యాంకులో వాటా కూడా లేదు, అవి అర్హత వరకే. కాబట్టి ‘పర్సంటేజీ పెరుగుతుంది’ అని ఫిజికల్ ఎడ్యుకేషన్ తీసుకోవడమూ, ‘మెడికల్ కాలేజీవాళ్లు మ్యాథ్స్ ఉంటే ఇష్టపడతారు’ అని గణితం తీసుకోవడమూ రెండూ పొరపాటు లెక్కలే.

గణితం మొదట ఉపయోగపడేది సీటు రానప్పుడు. జేఈఈ మెయిన్, ఇంజినీరింగ్ ఈఏపీసెట్, ఆర్కిటెక్చర్ అన్నీ గణితాన్ని అడుగుతాయి. ఐసర్ సంస్థల ప్రవేశపరీక్షలో జీవ, రసాయన, గణిత, భౌతిక శాస్త్రాల నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలుంటాయి. పన్నెండులో గణితం లేనివారూ రాయవచ్చు గానీ పావు వంతు పేపరు వారికి అందనట్టే. ఫార్మసీ, నర్సింగ్, పశువైద్యం, వ్యవసాయం, ఫిజియోథెరపీ మాత్రం గణితం లేకపోయినా జీవశాస్త్రంతో తెరుచుకునే దారులు. తమ బిడ్డ నీట్ మీద తప్ప దేనిమీదా ఆసక్తి చూపదని ఇంట్లో నమ్మకం ఉన్నా, పదహారేళ్ల పిల్లల ఇష్టాలు పద్దెనిమిదేళ్లకు మారడం సహజం. ఆ మార్పుకు చోటిచ్చేది గణితమే.

రెండో ప్రయోజనం భౌతికశాస్త్రం. నీట్‌లో 180 మార్కులు ఫిజిక్స్‌వి. సదిశలు, వాలు, చిన్నపాటి అవకలన, సమాకలన తెలియకుండా యాంత్రికశాస్త్రం, విద్యుత్తు పాఠాలు ఒంటబట్టవు. జీవశాస్త్రంలో నూటికి తొంభై తెచ్చుకునే పిల్లలు ఫిజిక్స్ దగ్గర ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. గణితం వదిలినవారు పదకొండో తరగతి మొదటి నెలల్లోనే ఈ పరికరాలను విడిగా నేర్చుకుంటే లోటు పూడుతుంది.

గణితానికి ఎదురుగా ఉన్న వాదన సమయం. సీబీఎస్ఈ గణితం బరువైన సబ్జెక్టు. బడి, కోచింగు, రోజూ లెక్కలు కలిస్తే నిద్ర తగ్గేది పిల్లలకే. పదో తరగతిలో బేసిక్ గణితం రాసిన విద్యార్థికి ఈ ప్రశ్నే వేరు. 2020 బోర్డు పరీక్షల నుంచి సీబీఎస్ఈ పదో తరగతి గణితాన్ని స్టాండర్డ్, బేసిక్ అని రెండు స్థాయుల్లో పెట్టింది. పదకొండులో గణితం చదవదలచినవారికి ఉద్దేశించింది స్టాండర్డే. బేసిక్ రాసినా మూడు సైన్సులు తీసుకోవడానికి అడ్డు లేదు, వైద్యవిద్యకూ లోటు లేదు. అప్లైడ్ మ్యాథ్స్ వాణిజ్య, సామాజిక శాస్త్రాల వైపు వెళ్లేవారి కోసం రూపొందించినది. ఇంజినీరింగ్ దారి తెరిచి ఉంచుతుందని దాన్ని తీసుకోకూడదు.

గణితం అంటే ఇష్టం ఉన్న పిల్లలకు బయో-మ్యాథ్స్ మంచి కూర్పు. భయపడే పిల్లలకు బలవంతంగా కట్టబెడితే గణితంతో పాటు రసాయనశాస్త్రమూ దెబ్బతింటుంది. వారికి సైకాలజీయో ఇన్ఫర్మాటిక్సో ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది. అటువంటి ఎంపికను చిన్నచూపు చూడనక్కర్లేదు.

మస్కట్‌లో నీట్

గల్ఫ్ విద్యార్థులు ఒకప్పుడు పరీక్ష కోసం విమానం ఎక్కవలసి వచ్చేది. 2020లో కోవిడ్ నడుమ విదేశాల్లో కేంద్రాలు పెట్టాలన్న విన్నపాన్ని సుప్రీంకోర్టు అంగీకరించలేదు. 2021లో కువైట్, దుబాయ్ కేంద్రాలు వచ్చాయి. 2022లో విదేశీ నగరాల సంఖ్య 14కు పెరిగినప్పుడు వాటిలో మస్కట్ చేరింది. 2024 ప్రకటనలో మొదట విదేశీ కేంద్రాలు కనబడక కలకలం రేగింది, కొద్ది రోజుల్లోనే తిరిగి చేర్చారు. 2025లో 180 ప్రశ్నలు, మూడు గంటలు. భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2 గంటలంటే మస్కట్‌లో 12:30. పరీక్ష ఆదివారం జరుగుతుంది, ఒమన్‌లో అది పనిదినం. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే దొరుకుతుంది కాబట్టి మస్కట్‌లో రాసేవారికి ఆ అవకాశం లేదు. ఇంగ్లిష్ మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇది ఇబ్బంది కాదు.

స్థానికత

సబ్జెక్టులు సరిగ్గా ఎంచుకుని, మంచి ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో నిరాశపడే గల్ఫ్ పిల్లలు ఉండడానికి కారణం స్థానికత. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో 85 శాతం సీట్లు స్థానిక విద్యార్థులవి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా లెక్కిస్తారు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తల్లిదండ్రులది ఏ జిల్లా, తాతగారి పొలం ఎక్కడ అన్నది ఈ లెక్కలోకి రాదు.

విభజన తర్వాత పదేళ్లపాటు ఉన్న ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ జులైలో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలు సవరించి తొమ్మిది నుంచి పన్నెండు వరకు రాష్ట్రంలోనే చదివి ఉండాలని స్పష్టం చేసింది. హైకోర్టు సెప్టెంబరులో విద్యార్థులకు ఊరటనిచ్చినా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు రాష్ట్ర నిబంధనను సమర్థించింది. బదిలీల మీద రాష్ట్రం బయట పనిచేసే ప్రభుత్వ, రక్షణ ఉద్యోగుల పిల్లలకు సడలింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగానికి గల్ఫ్ వెళ్లినవారి పిల్లలు అందులోకి రారు.

రూవిలో కనబడే పరిపాటి ఇది: పదో తరగతి కాగానే పిల్లలను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అమ్మమ్మ ఇంట ఉంచి చదివించడం, లేదా రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో బైపీసీలో చేర్చడం. కోచింగ్ కోణంలో ఇది అర్థవంతమే కావచ్చు. స్థానికత కోణంలో రెండేళ్లు మాత్రమే లెక్కకొస్తాయి, నాలుగు కావాలి. స్థానికతే ముఖ్యమనుకునే కుటుంబం ఎనిమిదో తరగతి ముగింపులో నిర్ణయించుకోవాలి. పదమూడేళ్ల బిడ్డను తల్లిదండ్రులకు దూరంగా పంపడం ఎంత బరువైన నిర్ణయమో వేరే చెప్పనక్కర్లేదు. కొందరు తల్లులు ఒమన్‌లో ఉద్యోగం వదిలి పిల్లలతో వెనక్కి వస్తున్నది ఇందుకే.

మస్కట్‌లోనే పన్నెండు ముగించేవారికి దారులు మూసుకుపోలేదు. ప్రభుత్వ వైద్యకళాశాలల సీట్లలో 15 శాతం అఖిలభారత కోటాకు వెళతాయి, అక్కడ స్థానికత అడగరు. మంగళగిరి, బీబీనగర్ సహా అన్ని ఎయిమ్స్ సీట్లూ జాతీయ ర్యాంకు మీదే భర్తీ అవుతాయి. రాష్ట్రాల 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు, తల్లిదండ్రుల్లో ఒకరు మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే పిల్లలు అర్హులవుతారన్నది పాత నిబంధన. రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలాన్ని అందులో కలపరు. ప్రైవేటు కళాశాలల్లో ఎన్ఆర్ఐ కోటా 15 శాతం. దీనికీ నీట్ తప్పదు, ఫీజు మాత్రం చాలా ఎక్కువ. ఎన్ఐటీల కోసం ఉన్న దాసా పథకాన్ని వైద్యవిద్యకూ వర్తిస్తుందని పొరబడేవారున్నారు. అది ఇంజినీరింగ్‌కు సంబంధించినది.

ఒమన్, ఇతర దేశాలు

ఒమన్‌లోనే వైద్యవిద్య చదివే వీలుంది. సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం 1986లో తరగతులు ప్రారంభించింది. ఒమాని విద్యార్థులు పదకొండు, పన్నెండు తరగతుల్లో ప్యూర్ లేదా అప్లైడ్ గణితం, సైన్సుల్లో ఐచ్ఛికాలు ఎంచుకుంటారు. ఉన్నత విద్యా ప్రవేశ కేంద్రం ద్వారా సీట్లు పొందుతారు. 2001లో ప్రైవేటు రంగంలో వచ్చిన ఒమన్ మెడికల్ కాలేజీ 2018 నుంచి నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో భాగం.

ఇక్కడైనా, జార్జియాలోనైనా, ఫిలిప్పీన్స్‌లోనైనా చదివి భారతదేశంలో ప్రాక్టీసు చేయదలచిన భారత పౌరుడు ముందే నీట్‌లో అర్హత పొందాలి. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లిష్ మాధ్యమంలో ఉండాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీసుకు అర్హత లభించాలి. విదేశంలో చేరుతున్నాం కదా అని పదకొండులో బయాలజీ వదిలేయడం కుదరదు.

బ్రిటిష్ పాఠ్యక్రమంలో చదివేవారి లెక్క మరోలా ఉంటుంది. బ్రిటన్ వైద్యకళాశాలలు చాలావరకు ఏ-లెవెల్ కెమిస్ట్రీ అడుగుతాయి, చాలాచోట్ల బయాలజీ కూడా. ఫిజిక్స్ లేకపోయినా ఫర్వాలేదు. అందుకని ఫిజిక్స్ వదిలిన విద్యార్థి తర్వాత భారతదేశం వైపు చూస్తే నీట్ అర్హత పోతుంది. రెండు దేశాలనూ మనసులో పెట్టుకున్నవారు మూడు సైన్సులూ ఉంచుకుని, ఇంగ్లిష్ అర్హతనూ, భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చే సమానత ధ్రువపత్రాన్నీ ముందే చూసుకోవాలి.

జీవశాస్త్రం వదిలినవారు

పదకొండులో ఎంపీసీ తరహా కూర్పు తీసుకుని, పన్నెండు తర్వాత మనసు మార్చుకున్నవారికి చాలాకాలం దారి లేదు. రెండేళ్లు రెగ్యులర్‌గా, ప్రాక్టికల్స్‌తో జీవశాస్త్రం చదివి ఉండాలని పాత నిబంధన. జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరు 22న ఇచ్చిన ప్రకటనతో ఇది సడలింది. పన్నెండు పాసయ్యాక గుర్తింపు పొందిన బోర్డు నుంచి జీవశాస్త్రాన్నో బయోటెక్నాలజీనో అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసినవారూ నీట్ రాయవచ్చు. అయితే ఆ అదనపు పరీక్షను ప్రైవేటుగా రాయనిచ్చేదీ లేనిదీ బోర్డు చేతిలో ఉంటుంది, ఆ నియమాలు ఏటా మారవచ్చు. ప్రాక్టికల్స్ ఎక్కడ చేయాలన్నదీ రూవిలో ఉన్న విద్యార్థికి ప్రశ్నే. అందుకే ఈ వెసులుబాటును చూసి జీవశాస్త్రాన్ని తర్వాత చదువుకోవచ్చులే అని వాయిదా వేయకుండా, సందేహం ఉన్నవారు పదకొండో తరగతి ఏప్రిల్‌లోనే దాన్ని ఉంచుకోవడం క్షేమం. మొదటి యూనిట్ పరీక్షల తర్వాత వదిలేయాలనిపిస్తే ఏం చేయవచ్చో బడిని అడగవచ్చు, బోర్డుకు పేర్లు పంపేశాక మార్చుకోవడం కష్టం.