సైరంధ్రి మొర

విరాటపర్వం పాఠం చెప్పిన ప్రతిసారీ కీచకవధ ఘట్టానికి తరగతి ఉత్సాహంతో ఊగిపోయేది. నేనూ ఆ ఘట్టాన్నే విస్తరించి చెప్పేవాణ్ణి. అంతకు ముందు సైరంధ్రి ఎందరికి మొరపెట్టుకున్నదో ఆలస్యంగా గాని గమనించలేదు. తమ్ముని తీరు తెలిసీ సుధేష్ణ ఆమెను మధువు తెమ్మని అతని ఇంటికే పంపింది. నిండుసభలో కీచకుడు తన్నినా విరటుడు దండించలేదు. ఆ రాత్రి వంటశాలలో భీముడొక్కడే ఆమె మాట పూర్తిగా విన్నాడు.

మన కాలపు చరిత్రా ఇంతే. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో స్త్రీ గౌరవభంగానికి 354, అవమానకరమైన మాటలకూ సైగలకూ 509 సెక్షన్లు ఉండేవి. వద్దన్నా వెంటాడి వేధించడమనే నేరానికి మాత్రం ప్రత్యేకంగా పేరు లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1990లోనే అందుకొక చట్టం చేసుకున్నది.

ఢిల్లీలో న్యాయశాస్త్ర విద్యార్థిని ప్రియదర్శిని మట్టూ, తన కళాశాలలోనే చదివిన యువకుడు వెంటాడుతున్నాడని 1995లో పోలీసులకు పలుమార్లు ఫిర్యాదు చేసింది. ఇక జోలికి రానని అతడు వ్రాసి ఇచ్చాడు. ఆమెకు ఒక రక్షకభటుణ్ణి కూడా ఏర్పాటు చేశారు. అయినా 1996 జనవరి 23న ఆమె హత్యకు గురైంది. 1999లో క్రింది న్యాయస్థానం అతణ్ణి విడిచిపెట్టింది. 2006లో హైకోర్టు దోషిగా తేల్చి మరణశిక్ష విధించగా, 2010లో సుప్రీంకోర్టు దానిని యావజ్జీవ ఖైదుగా మార్చింది.

సరిగ్గా పదిహేడేళ్ళకు, 2013 జనవరి 23న, జస్టిస్ వర్మ కమిటీ తన నివేదిక సమర్పించింది. తేదీ కలవడం కాకతాళీయమే. ఆ యేడే 354-డి సెక్షన్ వచ్చింది. ఆమె తన అయిష్టాన్ని స్పష్టం చేశాక కూడా వెంటపడితే నేరమేనని దాని సారాంశం. ఇంటర్నెట్‌లో ఆమె కదలికలపై నిఘా పెట్టినా నేరమే. 2014లో హైదరాబాదులో షీ టీమ్స్ ఏర్పడ్డాయి. 2024 జులై 1 నుండి అదే నేరం భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ అయింది.

చాలా ఏళ్ళ క్రితం ఒక తండ్రి నా వద్దకు వచ్చి, బడిదారిలో ఒకడు తన కూతురి వెంటపడుతున్నాడని చెప్పుకున్నాడు. “కొన్నాళ్ళు పిల్లను ఇంట్లోనే ఉంచండి” అన్నాను. ఆ అమ్మాయి మళ్ళీ బడికి రాలేదు. వాడు మాత్రం అదే దారిలో తిరిగాడు. ఆనాడు నేనూ విరటుణ్ణే.

“నువ్వేం చేశావు?” అని అడగక ముందు వినాలి. వచ్చిన సందేశాలు చెరపవద్దని, తేదీలు వ్రాసి ఉంచమని చెప్పాలి. స్టేషనుకు తోడు వెళ్ళాలి. 181, 112 నంబర్లు అందరికీ తెలియాలి. ఆమె చదువు, ఉద్యోగం మానిపించరాదు.

పాఠం చెప్పే మిత్రులారా, ఈసారి కీచకవధకు ముందు సైరంధ్రి మొరను కూడా పిల్లలచేత చదివించండి.